పక్క సీట్లో రెండో కాలు

అదే అడుగుతున్నాను, మీరు కారులో డ్రైవరు పక్కన కూర్చున్నప్పుడు ఎదురుగా ఆటో అడ్డం వస్తే, మీ కాలు దానంతట అదే పోయి కింద ఉత్త చాపను తొక్కిందా లేదా? తొక్కే ఉంటుంది. అక్కడ బ్రేకు లేదని మీకు తెలుసు, కాలికి తెలియదు. ఆ చాప దగ్గర నిజంగానే ఒక బ్రేకు ఉండి, మీరు తొక్కగానే బండి ఆగిందనుకోండి. రేవణసిద్ధప్ప బతుకంతా అలాంటి బ్రేకు మీద కాలు పెట్టుకునే గడిచింది.

జహీరాబాద్‌లో కారు నడిపేవాళ్లలో చాలామందికి ఆయనే గురువు. పొట్టి మనిషి. నుదుటి మీద మూడు గీతల విభూతి, తెల్ల చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. బస్టాండు వెనక ఖాళీ జాగాలో నేర్పేవాడు. ఆ జాగా అంచునే నా చాయ్ హోటల్. అందుకని ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లందరి భయాలూ నేను చూశాను. కారు ఎలా నడపాలో నాకు ఇప్పటికీ రాదు. కానీ లోపలి మనిషి భయపడితే కారు ఎలా ఎగురుతుందో మాత్రం బాగా తెలుసు.

నేర్పే కారులో ఎడమ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కన కూర్చున్న మాస్టరు తొక్కుతాడు. సిద్ధప్ప దాన్ని ఎంత మెల్లగా తొక్కేవాడంటే, నేర్చుకునేవాడికి తెలిసేదే కాదు. కుక్క అడ్డం వచ్చేది, బండి ఆగేది, పిల్లగాడు మీసం మెలేసేవాడు.

"చూసినవా మాస్టరు, ఎట్ల ఆపిన?"

"చూసిన చూసిన. నువ్వు ఆపితే నా పిక్కలు పట్టేసినయి" అనేవాడు సిద్ధప్ప.

కానీ ఆ రెండో బ్రేకు ఎంత మేలు చేస్తుందో అంత చెడుపు కూడా చేస్తుందని ఆయనకు తెలుసు. పక్కన ఒక కాలు కాపలా ఉందని తెలిస్తే ఇటువైపు కాలు నిద్రపోతుంది. అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నేర్పడం అయిపోయే రోజున నా దగ్గర ఒక పుట్నాల పొట్లం తీసుకునేవాడు. చెప్పులు నా హోటల్ మెట్టు మీదే విడిచేవాడు. కారెక్కి రెండు కాళ్లూ మడిచి, సీటు మీద సక్లముక్లం వేసుకుని, అన్నానికి కూర్చున్నట్టు కూర్చునేవాడు. పొట్లం ఒళ్లో విప్పుకుని, "నేను పుట్నాలు తింట. నువ్వు పో" అనేవాడు. ఇక ఊరంతా తిరిగి రావాలి. ఎద్దులబండి వచ్చినా, బస్సు వచ్చినా, ఆయన కాళ్లు కిందికి దిగేవి కావు.

ఆ రోజుకు ఊళ్లో అదే పేరు పడిపోయింది. "నీకు సక్లముక్లం అయిందా?" అని అడిగి గానీ తండ్రులు కొడుకుల చేతికి బండి తాళం ఇచ్చేవాళ్లు కాదు.

భాగీరథి ఆయన దగ్గరికి వచ్చింది వానాకాలం చివరలో. న్యాల్‌కల్ దిక్కున ఒక పల్లెలో ఏఎన్ఎంగా పనిచేస్తుంది. సూదులు వేయడం, కడుపుతో ఉన్నవాళ్లను చూసుకోవడం ఆమె పని. షేరాటోలు నిండితే గానీ కదలవు కదా, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పొద్దు గుంకేది. కూతురు సహస్ర బడి అయ్యాక నా హోటల్ బల్ల మీద కూర్చుని తల్లి కోసం రోడ్డు వైపే చూస్తూ ఉండేది. నేను బిస్కెట్ ఇస్తే తీసుకునేది, తినేది కాదు. అమ్మ వచ్చాకే తినేది.

భాగీరథి భర్త జగన్‌మోహన్‌కు ట్రాక్టర్ల కంపెనీలో ఉద్యోగం. భార్య కష్టం చూసి దసరాకు రెండు వారాల ముందే కొత్త కారు కొన్నాడు. మామూలు కారు కాదు. ముందు ఏదైనా అడ్డం వస్తే, మనం తొక్కకపోయినా అదే బ్రేకు వేసుకుంటుందట. కారు వచ్చిన రోజే తీసుకొచ్చి మా జాగాలో అందరికీ చూపించాడు. ఫ్రిజ్ వచ్చిన ఖాళీ అట్టపెట్టెను నడుమ నిలబెట్టి, దాని మీదికి కారు వదిలాడు. నేను కళ్లు మూసుకున్నాను. కీచుమని చప్పుడైంది. కళ్లు తెరిచి చూస్తే కారు పెట్టెకు బారెడు దూరంలో నిలబడి ఉంది.

సిద్ధప్ప కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కిందికి కూడా చూశాడు.

"యాడున్నదయ్యా దీని కాలు?"

"కాలు కాదు మామా, కండ్లు" అని జగన్‌మోహన్ చూపించాడు. ముందు అద్దం పైన, నడుమ, లోపలి వైపు ఒక చిన్న కెమెరా. బండి ముక్కు మీద, కంపెనీ గుర్తు వెనక ఇంకొకటి ఏదో. "ఈ రెండిటితోని చూస్తది. చూసి అదే తొక్కుతది. నీ తీరుగనే అనుకో."

"నాకు జీతమియ్యాలె. దీనికి అదీ లేదు" అని సిద్ధప్ప నవ్వాడు. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. ఆ రోజు రెండుసార్లు చాయ్ తాగాడు.

ఆ తర్వాతే మొదలైంది. భాగీరథి అప్పటికి పాత కారులో బాగానే నేర్చుకుంది. కొత్త కారు చేతికొచ్చాక ఇంట్లో దాన్నే నడిపేది, మా దగ్గరకొచ్చి పాతదీ నడిపేది. వారం తిరగకముందే సిద్ధప్పకు తేడా కనబడింది. ఆటో వెనక పోతున్నప్పుడు ఆమె కాలు బ్రేకు మీదికి ఆలస్యంగా వస్తోంది. ఒక్కోసారి రావడమే లేదు.

"బిడ్డా, కాలు యాడున్నది?"

"కిందనే ఉన్నది మాస్టరు."

"ఇంట్ల పండుకున్నప్పుడు గూడ కిందనే ఉంటది. బ్రేకు మీద ఉన్నదా లేదా?"

భాగీరథి సిగ్గుపడింది. "ఆ బండి అదే ఆగుతున్నది గదా. అలవాటైనట్టున్నది."

సిద్ధప్ప జగన్‌మోహన్‌ను పిలిచి, పండుగ లోపల భాగీరథికి సక్లముక్లం చేయించాలని చెప్పాడు. జగన్‌మోహన్ నవ్వాడు.

"ఇంకేం సక్లముక్లం మామా? నీ కాలు మడిచినా బండి కాలు ఉండనే ఉన్నది. పండుగ కానీ. సోమవారం నుంచి ఆమె డ్యూటీకి కారులనే పోతది."

ఆ సాయంత్రం సిద్ధప్ప నా హోటల్లో చాలాసేపు కూర్చున్నాడు. గ్లాసులో చాయ్ చల్లారిపోయింది.

"నా కాలైతే మడిచి కూసుంట కమలక్కా. ఈ బండి కాలు ఎట్ల మడవాలె?"

 రానున్నది చెరుకు సీజను. న్యాల్‌కల్ రోడ్డంతా చెరుకు ట్రాలీలే ఉంటాయి. ఆ రోడ్డు మీద నిద్రపోయిన కాలితో ఆ పిల్ల రోజూ పోయి రావాలి.

దసరా రోజు బండి పూజ. ఝరాసంగంలో జగన్‌మోహన్ తండ్రి మహాదేవప్ప ఇంటి ముందు పెట్టుకున్నారు. అల్లం, చెరుకు పండించే పెద్ద రైతు. మాట గట్టిది, మనసు మెత్తనిది. సిద్ధప్పను, నన్ను కూడా పిలిచారు. పాత కారులోనే పోయాం.

మహాదేవప్ప ఉదయం నుంచి ఉపవాసం. తన ఇంటికి వచ్చిన ఎద్దుకైనా, నాగలికైనా, మోటారు పంపుకైనా ఆయనే విభూతి పెడతాడు. కారుకూ పెట్టాడు. మూడు వేళ్లూ తడి విభూతిలో ముంచి, ముందు అద్దానికి పై భాగాన నట్టనడుమ, మనిషి నుదుటికి పెట్టినట్టు, ఇటు నుంచి అటు మందంగా గీశాడు. మధ్యలో కుంకుమ బొట్టు. బండి ముక్కుకు నా మోచేయంత లావున్న బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది.

ముందు కోడలే నడపాలని మహాదేవప్పే అన్నాడు. భాగీరథి కూర్చుంది. పక్కన సిద్ధప్ప కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఆమె అంది:

"ఏందో పసుపు దీపం ఎలుగుతున్నదండీ. ఏదో రాసి గూడ వస్తున్నది."

"బెల్టు పెట్టుకో, పోతది" అన్నాడు జగన్‌మోహన్ బయటి నుంచి.

బెల్టు పెట్టుకుంది. దీపం పోలేదు. అప్పటికే చుట్టాలు మూగారు, జగన్‌మోహన్ అట్టపెట్టె ముందు కారు ఆగిన వీడియోను వాళ్లకు సెల్లులో చూపిస్తున్నాడు. వరసకు బావమరిది అయ్యే ఒకాయన రెచ్చగొట్టాడు. "సెల్లుల వీడియో ఎంతమందికి చూపిస్తవు బావా? బండి ఈడనే ఉన్నది. ఆపి చూపియ్యి."

జగన్‌మోహన్ అట్టపెట్టె కోసం ఇంట్లోకి పోబోయాడు. మహాదేవప్ప కండువా భుజం మీద వేసుకుని కారుకు ఎదురుగా, కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"పెట్టె ఎందుకురా? నేను నిలవడ్త. నా ఇంటి బండి నన్ను గుద్దుతదా?"

"వద్దు మామయ్యా!" అంది భాగీరథి.

"ఏయ్ మహాదేవప్పా, పక్కకు జరుగు. ఆట గాదిది" అని సిద్ధప్ప కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు.

"నీకు భయమైతే దిగు మాస్టరు."

అందరూ నవ్వారు. సిద్ధప్ప దిగలేదు. దిగితే ఆమె పక్కన ఎవరూ ఉండరు కదా. జగన్‌మోహన్ కిటికీ దగ్గరికొచ్చి భార్యతో ఒక మాట చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నువ్వు మాత్రం తొక్కకు. నువ్వు తొక్కితే, ఆపింది నువ్వా బండా అని ఎట్ల తెలుస్తది?"

కారు కదిలింది. నిమ్మకాయలు చితికాయి. పెద్ద వేగం కాదు, కుర్రాడు సైకిల్ తొక్కినంత. మహాదేవప్ప నవ్వుతూనే ఉన్నాడు. కారు ఆగలేదు. సిద్ధప్ప కుడికాలు పోయి ముందున్న చాపను ధన్‌మని తొక్కింది. అది నేర్పే కారు కాదు. అక్కడ ఏమీ లేదు. అప్పుడాయన చెయ్యి హ్యాండ్ బ్రేకును లాగింది. అదే క్షణాన భాగీరథి కూడా కేక వేసి తన బ్రేకు తొక్కింది. కారు ఎగిరిపడి ఆగింది. కానీ అప్పటికే దండ మహాదేవప్ప ఛాతీకి తగిలింది. వెల్లకిలా పడబోతూ చెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది.

 ఆయన ధోవతి నిండా బంతిరేకులు. అవి చూసి నెత్తురనుకుని ఒకావిడ ఏడుపు అందుకుంది.

జహీరాబాద్ దవాఖానలో కట్టు కట్టారు. ఆయన ఒక్కసారి కూడా 'అబ్బా' అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేశాడు.

"కోడలు ఆ బండి ముట్టద్దు. మళ్ల ఆటోలనే పోతది." సిద్ధప్ప వైపు తిరిగి, "ఇదేనా మాస్టరు నువ్వు నేర్పింది?" అన్నాడు.

సిద్ధప్ప తల వంచుకున్నాడు. ఇంకొకరైతే 'నీ కొడుకే తొక్కొద్దన్నాడు' అనేవాళ్లు. ఆయన అనలేదు.

మరుసటి రోజు భాగీరథి కారు తుడుస్తుంటే అసలు సంగతి బయటపడింది. దండ తీసి పారేసింది, అద్దం మీది విభూతి కడిగింది, బండిని నీడకు జరపాలని తాళం తిప్పింది. ఆ పసుపు దీపం లేదు, రాతలు లేవు. ఆమెకు చప్పున అర్థమైంది. సిద్ధప్పకు ఫోను చేసింది. ఆయన వచ్చి చూసి మొదట పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అంటే, మనమే బొట్టు పెట్టి, దండ ఏసి దాని కండ్లు మూసినం. పాపం అది 'కనవడ్తలేదు' అని చెప్తనే ఉన్నది. మనం బెల్టు పెట్టుకున్నం."

జగన్‌మోహన్ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "ఎట్లయితేం, తుడిచినం గదా మామా. ఇగ ఫికర్ లేదు."

"ఫికర్ ఇప్పుడే షురువైంది బిడ్డా. ఇయ్యాల విభూతి. రేపు బురద. ఎల్లుండి మంచు. దాని కండ్లు ఎప్పుడు మూసుకపోతయో నీకు తెల్వది. కండ్లు ఉన్నప్పుడు గూడ ప్రతిదీ కనవడ్తదని నువ్వు రాసిస్తవా?"

 తండ్రిని తానే పడేసినట్టు జగన్‌మోహన్ ముందు రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదని భాగీరథి తర్వాత నాతో చెప్పింది.

సోమవారం వచ్చింది. భాగీరథి ఆటోలోనే పోయింది. సహస్ర మళ్లీ నా బల్ల మీద కూర్చుంది. చీకటి పడుతుంటే సిద్ధప్ప ఆ పిల్లను చూశాడు, రోడ్డును చూశాడు. "ఆదివారం పోదాం కమలక్కా, ముసలాయన కాడికి" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పోయాం. మహాదేవప్ప మెడకు గుడ్డ కట్టుకుని చెయ్యి వేలాడేసుకుని కూర్చున్నాడు. సెలవు రోజని కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు.

"ఒక్క మాట అడుగుతా. ఆమెకు నేను నేర్పుడు పూర్తి చెయ్యలే. అది నా తప్పే. ఇయ్యాల చేస్త. నువ్వు ఎనక సీట్ల కూసో. నా పాత బండే. న్యాల్‌కల్ రోడ్డు మీదికి పోదాం. నేను కాళ్లు మడిచి కూసుంట. ఆమె తప్పు చేసిందా, ఇయ్యాల్టి నుంచి ఊర్ల ఎవ్వరికీ నేర్ప. బండిని పాత ఇనుము కింద కాంటాల ఏస్త" అన్నాడు సిద్ధప్ప.

"నన్ను ఒకసారి పడగొట్టింది చాలదా?" అన్నాడు మహాదేవప్ప. ముఖంలో కోపం కంటే భయమే కనబడింది.

అప్పటిదాకా తలుపు పక్కన నిలబడ్డ భాగీరథి ముందుకొచ్చింది.

"మామయ్యా, ఆ రోజు మీరు నిలవడ్డరు, ఆయన తొక్కద్దన్నరు, అందరు నవ్విన్రు. నేను అందరి మాట విన్న. నా కాలు తొక్కుమనే అన్నది. దాని మాటే ఇనలేదు. ఇగ సీట్ల కూసున్నంక నేను ఎవ్వరి మాట ఇనను. మీ మాట గూడ."

 ఆమె మామతో అలా మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను. ముసలాయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

నేను ఆయన పక్కన, వెనక సీట్లో కూర్చున్నాను, కుదుపుకు చెయ్యి తగలకుండా పట్టుకోవడానికి. సిద్ధప్ప ముందు సీట్లో సక్లముక్లం వేసుకున్నాడు. పొట్లం విప్పాడు. "నేను పుట్నాలు తింట. నువ్వు పో బిడ్డా."

ఊరు దాటాం. చేన్లలో చెరుకు కోతలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పొద్దు వాలుతోంది, ఎండ అడ్డంగా కళ్లలో కొడుతోంది. కొంచెం దూరం పోయాక ఒక చెరుకు ట్రాలీ తగిలింది. మీరు చూసే ఉంటారు, ట్రాలీ కనబడదు, చెరుకే నడిచిపోతున్నట్టు ఉంటుంది. గడలు వెనక్కి, పక్కలకు వేలాడుతూ రోడ్డును ఊడుస్తుంటాయి. భాగీరథి దాని వెనక మెల్లగా పోతోంది. సిద్ధప్ప పుట్నాలు నములుతున్నాడు.

ఉన్నట్టుండి ట్రాలీ ఆగిపోయింది. చెయ్యి చూపలేదు, దీపం వెలగలేదు. మా ఎదుట చెరుకు గోడలా పెరిగింది. నా కాలు పోయి కిందికి తొక్కింది. మహాదేవప్ప రెండు కాళ్లూ తొక్కాయి. సిద్ధప్ప నమలడం ఆపాడు. కాళ్లు మాత్రం దించలేదు. కాలివేళ్లు మాత్రం సీటు గుడ్డను పట్టుకుని బిగుసుకున్నాయి. అది నేను చూశాను.

కారు ఆగింది. ఊగుతున్న చెరుకాకులు బానెట్టును తాకీ తాకకుండా ఉన్నాయి. భాగీరథి కాలు బ్రేకు మీదే ఉంది.

 మహాదేవప్ప బాగున్న చేతిని ముందుకు చాపాడు.

"మాస్టరు, పుట్నాలు గిట్లియ్యి."

అంతే. తీర్పు మారిపోయింది. సిద్ధప్ప పొట్లం మొత్తం ఆయన చేతిలో పెట్టి, మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

పుట్నాలు నోట్లో పోసుకున్నాక మహాదేవప్పకు కోపం వచ్చింది. కారు దిగి ట్రాలీ దగ్గరికి పోయాడు. టైరు చూసుకుంటున్న డ్రైవరు మల్లప్ప ఆయన ఊరివాడే.

"ఏందిరా మల్లప్పా, ఎనక ఒక దీపం లేదు, ఎర్రబిళ్ల లేదు! ఎనకొచ్చేటోడు ఎట్ల సావాలె?"

మల్లప్ప నింపాదిగా చూశాడు. "నీ ట్రాలీకి ఉన్నదా పెద్దాయనా?"

మహాదేవప్ప నోరు మూసుకుని వచ్చి కారులో కూర్చున్నాడు. తిరిగి వచ్చేదాకా సిద్ధప్ప భుజాలు నవ్వుతో కదులుతూనే ఉన్నాయి.

మర్నాటి నుంచి భాగీరథి కొత్త కారులో డ్యూటీకి పోవడం మొదలుపెట్టింది. సహస్ర నా బల్ల మీద కూర్చోవడం తగ్గిపోయింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం వెలితిగానే ఉంది.

చలికాలంలో ఒక సాయంత్రం ఆమె కారు నా హోటల్ ముందు ఆపింది. మొహం పాలిపోయి ఉంది. సిద్ధప్ప అక్కడే ఉన్నాడు.

"మాస్టరు, ఇయ్యాల ట్రాలీ పక్క నుంచి ఒక మోటరుసైకిల్ బండోడు సక్కగ నా ముందటికి వచ్చిండు. నా కాలు పోయింది. కానీ నేను తొక్కింది సరిపోలే. మిగిలింది అది తొక్కింది. ఇద్దరం కలిసి తొక్కినం."

సిద్ధప్ప లేచి పోయి కారు అద్దం మీద, ఆ కెమెరా దగ్గర, చొక్కా కొసతో తుడిచాడు. మెచ్చుకోవడం అంటే ఆయనకు అదే.

ఇంకోసారి అది వేరే పని చేసింది. హైదరాబాద్ హైవే మీద, ముందు ఏమీ లేకుండానే గట్టిగా బ్రేకు వేసుకుంది. వెనక ఒక లారీ. హారను మోగిస్తూ పక్కకు కోసుకుంటూ పోయిందట. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియలేదు. షోరూము వాళ్లు చూసి అంతా బాగానే ఉందన్నారు. ఆ మాట విన్నాక జగన్‌మోహన్ దానంతట అదే పడే ఆ బ్రేకును బంద్ చేసేద్దామన్నాడు. కొత్తలో దాన్ని మెచ్చుకున్నదీ ఆయనే. సిద్ధప్పే వద్దన్నాడు.

"బంద్ చేస్తే ఆ బండోడు ఏమైతుండె? ఉండనీ. నేను మనిషిని. నాకు తుమ్ము వస్తది, నిద్ర వస్తది, పొద్దుగాల పెండ్లాంతోని కొట్లాడింది యాదికొస్తది. దానికి అవేవీ రావు. అది పెద్ద మాట. కాకుంటే దానికి విభూతి పూస్తే కండ్లు పోతయి, నాకు పోవు. ఒకలికి లేనిది ఒకలికి ఉన్నది. దాన్ని పక్క సీట్ల కూసోనీ. స్టీరింగు మీద కూసోనియ్యకు. ఇంకొకటి బిడ్డా, అది ముందుకే చూస్తది. ఎనక ఎవరొస్తున్నరో నువ్వే చూసుకోవాలె."

నేను పెద్దగా చదువుకోలేదు. ఆ యంత్రం మంచిదా చెడ్డదా అని నన్ను అడిగితే చెప్పలేను. ఆయన కాలు మంచిదా చెడ్డదా అని అడిగినా చెప్పలేను. ఎంతోమందిని కాపాడింది అదే, ఎంతోమందిని బద్ధకస్తులను చేసిందీ అదే. ఏ రోజు మడవాలో ఆయనకు తెలుసు. ఆ యంత్రానికి అది తెలియదు. దాన్ని నడిపే మనిషే తెలుసుకోవాలి.

ఆ చలికాలమంతా ఆయన మనసులో ట్రాలీలే తిరిగాయి. పొద్దు గుంకాక చెరుకు కుప్పను చూసి అది బండి అని పోల్చుకోవడం మనిషికే కష్టం, ఇక ఆ కెమెరా సంగతి చెప్పేదేముంది అనేవాడు. రేకు ముక్కలు కోయించి, వాటి మీద మెరిసే ఎర్ర రేడియం అంటించాడు. చక్కెర ఫ్యాక్టరీ దారిలో ట్రాలీలు బారులు తీరి ఆగే చోటికి పోయి, ఇనుప తీగతో ఒక్కో ట్రాలీ వెనక కట్టడం మొదలుపెట్టాడు. మొట్టమొదటిది మహాదేవప్ప ట్రాలీకే కట్టాడు. ముసలాయన దగ్గరుండి, కట్టు విప్పిన చేత్తో రేకు పట్టుకున్నాడు.

"కారు నేర్పుడు బంద్ చేసి ట్రాలీలకు బొట్టు పెడ్తున్నవా మాస్టరు?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఆ. ఈ బొట్టు పెడ్తే ఎనకొచ్చేటోనికి కండ్లొస్తయి" అనేవాడు.

మల్లప్పది మాత్రం ఎప్పుడూ ఒకటే పాట. "ఇప్పుడు లోడు మీదున్న మాస్టరు. కాళీగ ఉన్నప్పుడు నేనే వస్త." వాడి ట్రాలీ రోజూ తిరిగేది న్యాల్‌కల్ రోడ్డు మీదే, భాగీరథి ఇంటికొచ్చే వేళకే. సిద్ధప్ప రెండుసార్లు వాడి ఇంటికి కూడా పోయాడు. వాడు దొరకలేదు.

సంక్రాంతి దాటాక ఆయన మోకాలు వాచి మెట్టు ఎక్కలేకుండా అయ్యాడు. బీదర్‌లో ఉన్న కూతురు వచ్చి, అక్కడ దవాఖానలో చూపిస్తానని తీసుకుపోయింది. బస్సెక్కే ముందు మల్లప్ప కోసం చేసిన రేకును, తీగచుట్టను నా హోటల్లో పెట్టాడు.

"మల్లప్ప వస్తే ఇయ్యి కమలక్కా. ఉత్తగ ఇయ్యకు. నిలవడి కట్టించు. వాని మాట నమ్మకు."

బీదర్ నుంచి ఫోను చేసినప్పుడల్లా మోకాలి సంగతి ఒక ముక్కలో తేల్చేసి, మల్లప్ప వచ్చాడా అని అడుగుతాడు. వాడు మా రోడ్డు మీదుగా పోతూ హారను కొడతాడు, చెయ్యి ఊపుతాడు, ఆగడు. నిన్న సాయంత్రం భాగీరథి కూడా కారు ఆపి అదే అడిగింది. లేదన్నాను. రేకు పాలక్యాన్ల వెనక గోడకు ఆనించి ఉంది, తీగ దాని పక్కనే ఉంది. చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తూనే ఉంది, ట్రాలీలు తిరుగుతూనే ఉన్నాయి.